సీసాకు సాక్షి యెవరు?



దూబగుంట స్త్రీలు సారాపై సమరము సాగించిన ఈ నేలయందు, స్నాతకోత్సవ వేదికనుండి ద్రాక్షాసవ ప్రసంగము తగదని పెద్దలెవరైన తలచినచో వారిని తప్పుపట్టజాలను. అయినను, అపరిచితుల నడుమ నమ్మకము ఎట్లు నిలుచునో, ఎట్లు చెడునో ఈ వైన్ వర్తకమంత విశదముగా జూపు వర్తకము మరియొకటి నాకు కానరాదు గనుకను, సీసా చరిత్రను బ్లాక్‌చైన్‌పై లిఖించి, ఆ సీసాను టోకెనుగా విక్రయించు వేదికలను నిర్మించుటకు నేడు పట్టములను గైకొన్న మీలో కొందరు పూనుకొనవచ్చును గనుకను, ఈ విషయమునే ఎన్నుకొంటిని.

1907వ సంవత్సరమున దక్షిణ ఫ్రాన్సునందలి లాంగ్‌డాక్ సీమలో, నీళ్లును చక్కెరయు గలిపిన కృత్రిమ మద్యము అంగళ్లను ముంచెత్తి తమ పంట ధరను పడవైచినదని ఆక్రోశించుచు, మార్సెలిన్ ఆల్బేర్ అను కాఫీశాల యజమాని నాయకత్వమున ద్రాక్షరైతులు లక్షలాదిగా మోంపెలియే వీథులకెక్కిరి. నార్బోన్ పట్టణమున సైనికుల తుపాకులకు ప్రాణములు బలియయ్యెను. ఆ జూన్ మాసాంతముననే వెలువడిన శాసనము, ప్రతి రైతును తన తోట విస్తీర్ణమును, పండిన మద్య పరిమాణమును ఏటేట ప్రకటింపవలెనని నిర్బంధించెను. ఆ విస్తీర్ణమునకు మించిన మద్యమును అమ్మువాడు అంతట పట్టుబడును. నేడు మనము నూతనమని కొనియాడు, సరకు పుట్టుకను జాడతీయు విద్యకు మూలపురుషుడు ఆ పంటప్రకటన పత్రమేయని నా యభిప్రాయము.

అయినను ఆ పత్రము పీపావరకే వెంబడింపగలిగినది. సీసా దేశాంతరములకు పోయి, చేతులు మారి, దశాబ్దములు గడచిన పిమ్మట దాని కులగోత్రములను అడుగువారెవరు? 2008 ఏప్రిల్‌లో న్యూయార్కునందు జరిగిన వేలములో, బుర్గుండీకి చెందిన పోన్సో కుటుంబము పేర 1945 మొదలుకొని పలు సంవత్సరముల ‘క్లో సాం దెనీ’ తోట మద్యపు సీసాలు అమ్మకమునకు వచ్చెను. ఆ కుటుంబమో, 1982కు పూర్వము ఆ తోట మద్యమును చేసియుండలేదు! ఈ వైపరీత్యమును విని లోరాం పోన్సో స్వయముగా వేలశాలకు పోయెను. సీసాలు వేలమునుండి తొలగింపబడెను. వానిని తెచ్చిన రూడీ కుర్నియావాన్ 2012లో నిర్బంధింపబడి, మరుసటి యేట దోషిగా నిర్ణయింపబడి, పదియేండ్ల చెరసాల శిక్షకు గురియయ్యెను. అతని కాలిఫోర్నియా గృహమున అచ్చొత్తిన చీటీలు వేలకొలదిగ దొరికెను. ఆ మోసమును బయటపెట్టినది యంత్రము గాదు. తన యింట ఏ యేట ఏమి చేసిరో ఎరిగిన మనుష్యుడు. 

ఇక మీ విద్యయైన బ్లాక్‌చైన్ మాట. ప్రతి ఖండమును తన పూర్వఖండపు సంక్షిప్తముద్రను మోయుటచేత నడుమ నొక యక్షరమును మార్చినను మోసము బయటపడు ఈ నిర్మాణము ప్రశంసార్హమే. కాని దస్తావేజు రిజిస్టరైనంత మాత్రమున పొలము అమ్మినవానిదని సిద్ధింపనట్లు, మొదటి నమోదు అసత్యమైనచో బ్లాక్‌చైన్ ఆ యసత్యమునకే శాశ్వతత్వము నొసగును. మూతక్రింద చిప్పు నమర్చితిమి, తెరచిన నది తెగునందురా? బిరడాను పెరుకకయే సన్నని సూదితో మద్యమును తోడు పరికరము 2013నుండి అంగళ్లలో దొరకుచున్నది.

సీసాపై హక్కును తెలుపు డిజిటల్ టోకెను విషయమున నాకు శంకలు హెచ్చు. పీపాలోనున్న మద్యమునే ముందుగా అమ్ముట బోర్డోలో ‘ఆం ప్రిమోర్’ అను పేర చిరకాలమునుండి నడచుచున్నదే. కొన్నవాని చేతికి సీసా చేరుటకు సుమారు రెండేండ్లు పట్టును. ఆ యాచారమునకు టోకెను చక్కని వాహనము కాగలదు. కాని టోకెను ఒకని చేత, సీసా వేరొకని గిడ్డంగిలో నుండునప్పుడు, ఆ గిడ్డంగిదారు దివాలా తీసినచో సీసా ఎవరిదని తేల్చునది న్యాయస్థానమేగాని మీ ప్రోగ్రాము గాదు. సీసాను అప్పగించిన నాడే టోకెను రద్దుకానిచో, ఎవరో త్రాగివైచిన మద్యమును లోకులు కొనుచు అమ్ముచునే యుందురు. గిడ్డంగిలోని సరకును పరులచేత తనిఖీ చేయింపని వేదికను నేను జూదమని పిలుచుటకు సంకోచింపను.

ఇట్టి వేదికను పెంచగోరువారు సాధారణముగా కొనుగోలుదారులను ముందు పోగుచేసి, రైతును చివర పిలుచుచున్నారు; ఇది తలక్రిందుల పని. కొద్ది హెక్టారుల తోటగల రైతు, కోతదినములలో నిద్రయైన ఎరుగక పాటుపడుచు, ప్రభుత్వమునకు ఇదివరకే వ్రాసియిచ్చిన లెక్కలను మీ తెరపై మరల ఏల వ్రాయును? ఆ లెక్కలను అతని యనుమతితో మీరే గ్రహించునట్లు, అతనికి మిగులునది సీసాలు నింపునాటి నమోదొక్కటే యగునట్లు వేదికను కట్టుడు. ఈ పనికి పూనుకొనువారు ప్రోగ్రాములో మొదటి పంక్తిని వ్రాయుటకు ముందు, ఒక్క కోతకాలమైనను బుర్గుండీ తోటలలోనో బోర్డో నేలమాళిగలలోనో పనివారి నడుమ నిలిచి, ఏ సీసాపై ఎవరు ఏ చీటీ నంటించుచున్నారో కన్నులార చూచి రండని మిమ్ము వేడుకొనుచున్నాను.