కడుపు జబ్బంతా తాగుడేనా?
(మంగళగిరిలో చేసిన ప్రసంగ పాఠం)



1992లో దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. ఆ పోరాటం చూసిన మనం మగవాళ్ల కడుపు జబ్బులన్నీ తాగుడు ఖాతాలోనే రాస్తుంటాం.

అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ అనే దీర్ఘకాలిక పేగు జబ్బులకు తాగుడే కారణమని వైద్యశాస్త్రం చెప్పడం లేదు. చుక్క ముట్టని ఆడవాళ్లకూ ఇవి వస్తాయి. నెత్తురు విరేచనాలైతే మగవాణ్ణి 'తాగాడు' అంటాం. ఆడవాళ్లకైతే 'వేడి చేసింది', 'మొలలు' అని సరిపెడతాం. మగ్గం దగ్గర్నుంచి మాటిమాటికీ లేవలేక, ఇంట్లో చెప్పుకోలేక ఆమె తిండి తగ్గించుకుంటుంది. ఇద్దరికీ పరీక్ష ఆలస్యమవుతుంది.

తాగితే ఈ రోగులకు నొప్పి, విరేచనాలు పెరగవచ్చు. మెథోట్రెక్సేట్ వాడేవారికి కాలేయం దెబ్బతినే ప్రమాదం ఎక్కువవుతుంది. కాబట్టి తాగుడు మానమనే చెబుదాం. మానితే చాలు, జబ్బు పోతుందని మాత్రం చెప్పొద్దు, మాత్రలు ఆపనివ్వొద్దు.

ఎయిమ్స్ ఇప్పుడు ఈ ఊళ్లోనే ఉంది. నెత్తురు కనబడితే ఆడా మగా ఎవరినైనా ముందు పరీక్షకు తీసుకెళ్దాం.