కోడిపిల్ల కాళ్ళు, ఆమె చెయ్యి

(పాతబస్తీలో ఇంటిపట్టున పనిచేసే స్త్రీల మధ్య పనిచేస్తున్న కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడమని పిలిస్తే ఈమె కోడిపిల్లలతో మొదలుపెట్టిందేమిటని మీలో కొందరికి నవ్వు రావచ్చు. నాక్కూడా మొదట నవ్వే వచ్చింది. ఆ నవ్వు ఎలా పోయిందో చెబుతాను.

యాకుత్‌పురాలో నాకు తెలిసిన ఒకామె లక్కగాజులకు రాళ్ళు అతికే పని చేస్తుంది. ఉండేది ఒక గది, దాని ముందు ఒక చారెడు వాకిలి. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని ఇరవై కోడిపిల్లల్ని కొన్నది. గుడ్లమ్మిన డబ్బు తన చేతికే వస్తుందని ఆశ. రెండో వారం దాటేసరికి పిల్లలకు కాళ్ళు పడిపోవడం మొదలైంది. వేళ్ళు లోపలికి ముడుచుకుని, మోకాళ్ళలా కనిపించే కీళ్ళ మీద కూర్చుని, రెక్కలాడిస్తూ పాకేవి. నీళ్ళ గిన్నె దాకా పోలేక కొన్ని చచ్చిపోయాయి. ఇరుగుపొరుగు దిష్టి అన్నారు. అత్తగారు మాత్రం సూటిగానే అన్నది, ‘ఇస్‌కే హాత్‌మే బర్కతిచ్ నై’ అని. పిల్లలు చావడం కన్నా ఆ మాటే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. అప్పు వాయిదా ఎలాగూ ఆగదు కదా.

సమాజశాస్త్రంలో డాక్టరేట్ చేసిన నాకు కూడా ఏమీ తోచలేదు. ఇద్దరం కలిసి పశువైద్యశాలకు వెళ్ళాం. బయట కూర్చున్నాయన ‘మగవాళ్ళెవరూ రాలేదా’ అన్నాడు. లోపలున్న డాక్టరు ఒకే ఒక్క ప్రశ్న వేసింది. ‘ఏం పెడుతున్నారు?’ అన్నది. ఏం పెడుతుంది? ఇంట్లో తినేదే పెడుతున్నది, నూకలు, మిగిలిన అన్నం. తెల్లటి పాలిష్ బియ్యంలో బి విటమిన్లు చాలా తక్కువ. వేళ్ళు ముడుచుకుపోవడం బి2, అంటే రైబోఫ్లేవిన్ లోపానికి గుర్తు.

ఈ సంగతికి పెద్ద చరిత్రే ఉంది. 1890 ప్రాంతంలో జావాలో ఐక్‌మన్ అనే డచ్చి డాక్టరు బెరిబెరి మీద పరిశోధన చేస్తుండగా ఆయన కోళ్ళకు కాళ్ళు పడిపోయాయి. కొన్నాళ్ళకు వాటంతటవే లేచాయి. కారణమేమిటని ఆరా తీస్తే, ఆ మధ్య వాటికి సైనిక ఆసుపత్రి వంటింటి నుంచి పాలిష్ బియ్యపు అన్నం పెట్టారనీ, కొత్తగా వచ్చిన వంటవాడు అది ఇవ్వననడంతో ముడిబియ్యానికి మారారనీ తేలింది. అది బి1, అంటే థయమిన్ కథ. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వంటవాడి పేరు మనలో ఎవరికీ తెలియదు.

మన ఉత్తర సర్కారు జిల్లాల్లో మర ఆడించిన పచ్చిబియ్యం తినేవాళ్ళను బెరిబెరి పీడించింది. ఉప్పుడు బియ్యం తినే ప్రాంతాలు దాదాపు తప్పించుకున్నాయి. ధాన్యం ఉడికేటప్పుడు తవుడులోని విటమిను గింజలోకి దిగుతుంది. బెరిబెరి పరిశోధన కోసమే 1918లో కూనూరులో మెకారిసన్ ఒక చిన్న కేంద్రం పెట్టాడు. అదే పెరిగి 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. పెరటి పెంపకానికి వనరాజా, గ్రామప్రియ జాతుల్ని తయారుచేసిన కోళ్ళ పరిశోధనా సంస్థ రాజేంద్రనగర్‌లో ఉంది. రెండూ ఈ ఊళ్ళోనే ఉన్నాయి. ఆమె గుమ్మం దాకా వచ్చింది మాత్రం దిష్టి మాటే.

కాబట్టి బస్తీల్లోకి వెళ్ళినప్పుడు మీరు ఇవి గుర్తుపట్టగలగాలి. వేళ్ళు ముడిస్తే బి2. తల వెనక్కి వాల్చి ఆకాశం చూస్తుంటే బి1. ముక్కు, ఎముకలు రబ్బరులా వంగుతుంటే డి విటమినో, కాల్షియమో, భాస్వరమో తక్కువైనట్లు. కాళ్ళు చెరోవైపు జారిపోతుంటే తిండిని అనుమానించే ముందు నేలను చూడండి. నున్నటి షాబాద్ బండ మీదా, పరిచిన న్యూస్‌పేపరు మీదా పసిపిల్లకు పట్టు దొరకదు. గోనెపట్టా వేస్తే చాలు. ఇవన్నీ విటమిన్లతో పోయేవే అనుకోకండి. కొన్ని వారాల వయసున్న పిల్ల ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కి చాపి పడిపోతే అది మారెక్స్ కావచ్చు. దానికి మందు లేదు. పొదిగిన రోజునే వేసే టీకా ఉంది. మెడ తిరిగి, ఆకుపచ్చగా పారుకుంటుంటే కొక్కెర తెగులు కావచ్చు. వెంటనే వేరుచేసి డాక్టరుకు చూపించాలి.

విటమిన్ లోపమే అయితే, జబ్బు పిల్లల్ని వేరే పెట్టెలో, నీళ్ళూ మేతా ముక్కుకు అందేలా ఉంచాలి. లేకపోతే మందు పనిచేసేలోపు దాహంతోనే చస్తాయి. కోళ్ళకు వాడే బి కాంప్లెక్స్ మందును సీసా మీద రాసిన మోతాదులో రోజూ కొత్త నీళ్ళలో కలపాలి. మొదట్లోనే పట్టుకుంటే కొద్ది రోజుల్లో లేస్తాయి. నరం పూర్తిగా దెబ్బతిన్నాక లేవవు, ఆ మాట ముందే చెప్పాలి. నూకలు మానెయ్యమని పేదింట్లో చెప్పలేం. చిక్ స్టార్టర్ దాణా ముఖ్యంగా పెట్టి, తాజా తవుడు, తోటకూర, ఉడికించిన గుడ్డు కొంచెం కొంచెం కలపమనవచ్చు. గుడ్లు పెట్టే కోళ్ళ దాణా మాత్రం పిల్లలకు వద్దు. అందులో సున్నం ఎక్కువ, మూత్రపిండాలు పాడవుతాయి.

ముర్గీ చౌక్ వైపు, సందుల్లో, రంగులద్ది అమ్మే పిల్లల్ని గుడ్ల కోసం కొనొద్దని కూడా చెప్పండి. అవి ఎక్కువగా హేచరీలు వద్దనుకున్న మగపిల్లలు. ఆడపిల్లను వద్దనే దేశంలో మగపిల్లను పారేసే చోటు ఇదొక్కటే అనుకుంటాను!

ఇక ఎండ సంగతి. డి విటమిను కోసం పిల్లల్ని పొద్దున కాసేపు ఎండలో పెట్టమన్నది డాక్టరు. అద్దం వెనక ఎండ పనికిరాదు. ఆమె వాకిట్లోకి ఎండ వచ్చేది నడినెత్తిన సూర్యుడున్నప్పుడే. మేడ మీదికి మెట్లున్నాయి కానీ తాళం ఇంటి యజమానిది. అప్పుడు అడిగాను, నీకు నడుం నొప్పి ఎన్నాళ్ళ నుంచని. ‘రెండో కాన్పు నుంచి’ అన్నది. రోజంతా బల్బు కింద కూర్చుని గాజులకు రాళ్ళు అతుకుతుంది. ఎండ తగలని ఒంట్లో ఎముకలు మెత్తబడతాయి, మనిషివైనా సరే. ఇలాంటప్పుడు బురఖాను తిట్టి చేతులు దులుపుకోవడం మనలో కొందరికి అలవాటు. నేను అడుగుతున్నది గది గురించి, కిటికీ గురించి, ఆ తాళం గురించి.

మిగిలిన పిల్లల్లో తొమ్మిది లేచి నడిచాయి. ఒకటి కుంటుతూనే పెరిగింది. తాళం గురించి యజమానితో మాట్లాడటానికి సంఘం వాళ్ళు నలుగురు వెళ్ళారు. పొద్దున ఒక గంట ఇస్తానన్నాడు. పిల్లల బుట్ట పట్టుకుని ఆమే పైకెక్కుతుంది. బుట్ట దగ్గర కాపలా ఉండాలి కదా, గద్దలుంటాయి అంటుంది అత్తగారితో.