లయ సరిచేసే మందులు



గుండె లయ తప్పితే ఎవరికైనా భయమే. మాత్రతో సరిచేస్తే చాలనిపిస్తుంది. డాక్టర్లూ ఒకప్పుడు అలాగే అనుకున్నారు.

గుండెపోటు నుంచి తేరుకున్నవారిలో లయ తప్పిన స్పందనలుంటే ప్రాణాపాయం ఎక్కువ. వాటిని అణిచేస్తే మనిషి బతుకుతాడని అమెరికాలో 1987లో పెద్ద పరీక్ష మొదలుపెట్టారు. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు కొన్నాళ్లిచ్చి చూస్తే ఈసీజీలో ఆ స్పందనలు తగ్గాయి. అలా తగ్గినవారిలోనే 755 మందికి అసలు మందు, 743 మందికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. సగటున పది నెలలు. మందు వేసుకున్నవారిలో 63 మంది పోయారు, ఉత్తుత్తి మాత్రవారిలో 26 మంది! 1989లో ఈ రెండు మందులూ మధ్యలోనే ఆపేశారు.

ఎందుకిలా? ఈ మందులు గుండెలో విద్యుత్తు పాకే వేగాన్ని తగ్గిస్తాయి. పోటుతో మచ్చపడిన కండలో ఆ నెమ్మదే కొత్త సుడికి దారిస్తుంది. కాగితం మీద గీత బాగుంది, మనిషే లేడు.

ఫ్లెకైనైడ్ నేటికీ ఉంది. కండ బాగున్నవారికి మంచి మందే. కనుక బావగారికి పనిచేసిందని మీరు తెచ్చుకోవద్దు. వేసుకుంటున్నవారు డాక్టరుకి చెప్పకుండా మానొద్దు. కొత్త డాక్టరు దగ్గరికెళ్తే, అడిగినా అడక్కపోయినా పాత గుండెపోటు సంగతి ముందే చెప్పండి. ఎకో కాగితాలు ఇంట్లో పెట్టి రాకండి.