విషవాయువు సోకిన ఊరిలో పాల సంఘం బాధ్యత
(సభ్యుల శిక్షణ తరగతిలో సహకార తనిఖీ అధికారి చేసిన ప్రసంగం)



తనిఖీకి వచ్చినవారు లెక్కలు చూసుకోక రోగాల ప్రస్తావన ఎందుకు తెచ్చారని మీరు అనుకోవచ్చును. సంఘం పుస్తకానికీ ఊరి ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మాకూ ఆలస్యంగానే తెలిసింది.

2020 మే 7న తెల్లవారకముందే విశాఖపట్నం శివారు వెంకటాపురంలో ఒక కర్మాగారం ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి లేచి, నిద్రలో ఉన్న ఇళ్ళను కమ్మింది. 12 మంది మరణించారు. వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. మూగజీవాలు కూడా కూలిపోయాయి. ఒంట్లో చేరిన స్టైరీన్ ఆనవాలు మూత్రంలో రెండు మూడు రోజులకు మించి నిలువదు. ఆ తరువాత ఎవరు ఎంత పీల్చారో తెలియాలంటే, ఆ వేళ ఎవరు ఎక్కడ ఉన్నారు, గాలి ఎటు వీచింది, ఎవరికి కళ్ళు మండాయి, ఎవరికి స్పృహ తప్పింది అని వెంటనే రాసుకున్న జాబితాయే ఆధారం.

1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్‌లో విషవాయువు వెలువడినప్పుడు, 56 వార్డులలో 36 వార్డులకు అది సోకినట్లు గుర్తించారు. భారత వైద్య పరిశోధన మండలి సోకిన ప్రాంతాలలో సుమారు 80 వేల మందిని నమోదు చేసి, సోకని ప్రాంతాల వారితో పోల్చుతూ ఏళ్ళ తరబడి పరిశీలించింది. అలా పోల్చి చూస్తేనే ఏ దగ్గు ముందునుండీ ఉన్నదో, ఏది ఆ గాలి తెచ్చిపెట్టినదో తేలుతుంది.

ఇక మన పాడికి సంబంధించిన సంగతి. 1973లో అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రంలో, మంటలు అంటకుండా వాడే పి.బి.బి. అనే రసాయనం పొరపాటున పశువుల దాణాలో కలిసింది. రెండు సరుకుల పేర్లు దగ్గరగా ఉండటమే ఆ పొరపాటుకు దారి తీసింది. ఫ్రెడ్రిక్ హాల్బర్ట్ అనే పాడి రైతు తన ఆవుల పాలు పడిపోవడం గమనించి, పట్టు విడువక నెలల తరబడి వెతికించగా 1974లో అసలు కారణం బయటపడింది. అప్పటికే ఆ పాలు, మాంసం, గుడ్లు రాష్ట్రమంతా తిన్నారు. సుమారు 30 వేల పశువులను చంపవలసి వచ్చింది. ఆ విషం కొవ్వులో చేరి వెన్నతోపాటు పాలలోకి దిగుతుంది. కాచినా పోదు. లాక్టోమీటరు దానిని చూపదు, వెన్న పరీక్షలోనూ తేలదు.

మా సొంత తప్పు కూడా చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఒక సంఘం పుస్తకంలో ఒకే వీధివారి పాలు ఒకేరోజు సగానికి పడిపోయి ఉండటం చూశాము. కూడికలు సరిపోయాయి గనుక సంతకం చేసి వచ్చాము. ఆ వీధి గేదెలు తాగే చెరువులోకి కర్మాగారం నీరు వచ్చిందని తరువాత తెలిసింది. చెబితే పాలు తీసుకోరని సభ్యులు దాచారు. అధికారులు వచ్చేసరికి ఆ నీరూ లేదు, పాల నమూనా లేదు, జబ్బుపడినవారి జాబితా లేదు. పిల్లల వాంతులకు కారణం అదేనని ఎవరూ నిరూపించలేకపోయారు.

కనుక మా మనవి ఇది. గాలి సోకితే ముందు మనుషులు, గాలికి అడ్డంగా దూరం పోవాలి. పశువుల కోసం వెనుకకు పరుగెత్తరాదు. అధికారులు రమ్మన్న తరువాతనే ఊళ్ళోకి రావాలి. అదేరోజున ఇంటింటి జాబితా రాయండి: ఎవరెక్కడున్నారు, ఏ బాధ కలిగింది, గర్భిణీలు, చంటిబిడ్డలు, వృద్ధులు ఎందరు, ఏ నీరు తాగారు, పశువులు ఎన్ని. పాలను డబ్బాలో కలపకండి. ఒక్క ఇంటి పాలు ఊరందరి పాలను చెడగొడతాయి. శుభ్రమైన గాజుసీసాలో నమూనా తీసి, పేరు, తేదీ రాసి, మంచులో ఉంచి డెయిరీకి తెలపండి. చనిపోయిన పశువును పశువైద్యుడు చూడనిదే పాతిపెట్టకండి. సోకని పొరుగూరి వివరాలూ తీసుకోండి. నెలకు, ఆరునెలలకు, ఏడాదికి అదే జాబితాతో మళ్ళీ ఇంటింటికీ వెళ్ళండి.

పాలు పారబోసిన నాటి నష్టం కష్టమైనదే. పేదవాని ఇంట ఆ పూట పొయ్యి వెలగకపోవచ్చును. కనుక అటువంటి రోజుకోసం లాభంలో కొంత నిధిగా ఉంచడానికి ఈ మహాజనసభలోనే తీర్మానించండి. నష్టం సంఘం భరిస్తుందని తెలిస్తే సభ్యుడు నిజం దాచడు.