అతిథులు కావు, ఇంటివాళ్లే
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

బడి జ్ఞాపకాలు చెప్పేవాళ్లు ఈ రోజు చాలామంది ఉన్నారు. నాకిచ్చిన పది నిమిషాల్లో నేను ఒక ప్రయాణం గురించి చెప్తాను. పోయిన సంక్రాంతి దాటినంక మా బ్యాచ్ వాళ్లం నలుగురం ఒక కారులో శ్రీకాకుళం జిల్లా టెక్కలి నుంచి తిరుపతి జిల్లా సూళ్లూరుపేట దాకా, సముద్రం వెంబడి ఎనిమిది రోజులు తిరిగి వచ్చాం. దారిలో గుళ్లు చాలా వచ్చాయి, దండం పెట్టుకున్నాం. కానీ మేం పోయింది పక్షులను, జంతువులను చూడటానికి.

ఈ ఆలోచన ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. మెల్‌బోర్న్‌లో ఉన్న మన పిల్లలు గ్రేట్ ఓషన్ రోడ్ ఫోటోలు మన వాట్సాప్ గ్రూపులో పెడుతుంటారు. టార్కే నుంచి అల్లన్స్‌ఫోర్డ్ దాకా 243 కిలోమీటర్ల తీరపు దారి అది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు, చనిపోయిన తోటివాళ్ల గుర్తుగా 1919 నుంచి 1932 దాకా కట్టారు. ఆ దారిలో యూకలిప్టస్ కొమ్మల మీద కోఆలాలు నిద్రపోతుంటాయి. ఆంగిల్‌సీ ఊర్లో గోల్ఫ్ మైదానంలోనే కంగారూలు మేస్తుంటాయి. అక్కడి చిన్నపిల్లలు కూడా అవి మా నేలవి అని గర్వంగా చెప్తారట. ఆంధ్ర తీరం 974 కిలోమీటర్లు అని మనం సాంఘికశాస్త్రంలో బట్టీపట్టాం కదా, మరి అక్కడ ఏమేం బతుకుతున్నాయో ఎప్పుడైనా చూశామా అన్నాడు మావాడొకడు. అట్లా బయల్దేరాం.

మొదట టెక్కలి దగ్గర తేలినీలాపురం. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వందలకొద్దీ ఊరి చెట్ల మీదనే గూళ్లు కడతాయి. దగ్గరలోని నౌపడ ఉప్పుటేరుల నుంచి, చిత్తడి నేలల నుంచి చేపలు తెచ్చి పిల్లలకు పెడతాయి. గూడబాతు పిల్ల తల్లి నోటి సంచిలో తల మొత్తం దూర్చి తింటుంటే మేం నలుగురం నోరు తెరుచుకుని నిలబడ్డాం. వాసన తక్కువేం లేదు, రెట్టలు ఇంటి ముంగిట్లోనే పడతాయి. అయినా ఊరివాళ్లు వాటిని తరమరు. పక్షులు వస్తేనే ఊరికి మంచి జరుగుతుందని వాళ్ల నమ్మకం. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ ప్రాంతంలోని చెట్లను కూల్చేసింది. కొన్నేళ్ల కిందట నులిపురుగుల జబ్బుతో అక్కడ చాలా గూడబాతులు చనిపోయాయి. అన్నీ తట్టుకుని అవి మళ్లీ అక్కడికే వస్తున్నాయి.

ఇక్కడొక మాట చెప్పాలి. వీటిని అందరూ సైబీరియా పక్షులు అంటారు. నిజానికి కావు. ఈ రకం గూడబాతు గూడు కట్టేది ముఖ్యంగా మన దక్షిణాసియాలోనే, కొంత కంబోడియాలో. ఎర్రకాళ్ల కొంగ కూడా ఈ నేలదే. నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి జిల్లాలు మారుతాయి గాని, దేశాలు దాటి వచ్చేవి కావు. ఈ తేడా చిన్నది కాదు. అతిథికి తిరిగి పోవడానికి సొంత ఇల్లు ఉంటుంది. వీటికి మన చెరువులే ఇల్లు. ఇక్కడ చెరువు పోతే వీటికి వేరే దిక్కు లేదు.

అక్కడి నుంచి విశాఖ వచ్చాం. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి ఇసుకలో గుంట తీసి, ఒక్కోటి దాదాపు వంద గుడ్లు పెట్టి సముద్రంలోకి వెళ్లిపోతాయి. కుక్కలు, నక్కలు తవ్వి తినకుండా ఆ గుడ్లను తెల్లవారకముందే ఏరి, కంచె వేసిన ఇసుకలో పూడ్చి కాపాడతారు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. పెద్దయ్యాక ఆడ తాబేలు గుడ్లు పెట్టడానికి తాను పుట్టిన తీరం వైపే వస్తుంది. కానీ తాబేలుకు ఊపిరి కావాలి. మరబోటు వలలో చిక్కితే పైకి రాలేక చనిపోతుంది. వల నుంచి తాబేలు తప్పించుకునే పరికరం ఉంది. దాన్ని బిగించడమా, లేదా అన్నది మనిషి చేతిలో ఉంది.

కాకినాడ పక్కన కోరింగ. 1978లో అభయారణ్యం అయింది, దాదాపు 235 చదరపు కిలోమీటర్లు. మడ అడవుల్లో చెక్కబాట మీద నడిచాం. నల్లమడ వేళ్లు బురదలోంచి పైకి మొలిచి గాలి పీలుస్తాయి. ఆ నీళ్లలో నీటికుక్కలుంటాయి, చేపలు పట్టే నీటిపిల్లి ఉంటుంది. మాకు పిల్లి కనిపించలేదు, అది రాత్రి తిరిగే జీవి. తుపాను వచ్చినప్పుడు అలల జోరు తగ్గించి ఊళ్లను కాపాడేది కూడా ఈ మడ చెట్లే.

ఇంకా దిగువకు వస్తే కొల్లేరు. 2006లో చేపల చెరువుల గట్లు తెంచిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులకు చెట్లు చాలక, ఇనుప స్టాండ్లు నిలబెట్టారు. అవి వాటి మీదనే గూళ్లు కట్టుకున్నాయి. మనం ఒక అడుగు వేస్తే అవి నాలుగు అడుగులు వేస్తాయనిపించింది.

చివరగా నేలపట్టు, పులికాట్. నేలపట్టు చెరువులో నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల నిండా గూళ్లే. పక్షుల రెట్టలు కలిసిన ఆ చెరువు నీరు పొలాలకు ఎరువు. కాబట్టి రైతుకూ పక్షికీ పేచీ లేదు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే దారి పులికాట్ సరస్సు మధ్యలోంచి పోతుంది. ఇరుపక్కలా ఫ్లెమింగోలు తల తలకిందులు చేసి నీళ్లు వడకట్టుకుని తింటున్నాయి. అవి కూడా సైబీరియావి కావు. మన దేశంలో వాటి పెద్ద పుట్టిల్లు గుజరాత్‌లోని కచ్ రణ్.

మిత్రులారా, ఎనిమిది రోజులు తిరిగి నాకు అర్థమైంది ఇదీ: పక్కనున్న ఊరు ఒప్పుకున్నచోటనే ఆ ప్రాణి నిలబడింది. చట్టం, కంచె, బోర్డు ఆ తర్వాత పనికొచ్చేవి.

మరి మన ఊరి సంగతేంటి? సముద్రం లేకపోయినా మనకు మంజీర ఉంది. 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఉంది. 1922 నాటి పోచారం చెరువు, 1952 నుంచి దాని పక్కన అభయారణ్యం ఉన్నాయి. ఎర్రకాళ్ల కొంగలు, నత్తలు తినే కొంగలు మన దగ్గరా ఉన్నాయి. చలికాలంలో తలమీద నల్ల చారలుండే పెద్దబాతులు హిమాలయాల మీదుగా ఎగిరి వస్తాయి. అసలైన విదేశీ అతిథులంటే అవి. నది మధ్య ఇసుక తిన్నెల మీదనే గుడ్లు పెట్టే పక్షులు కూడా ఉంటాయి. వాటికి చెట్టు అక్కర్లేదు, గూడు అక్కర్లేదు, వట్టి ఇసుక చాలు. ఆ ఇసుకే లారీలెక్కి పోతే అవి గుడ్డు పెట్టేదెక్కడ? మంజీర ఇసుక గురించి ఈ సభలో నేను కొత్తగా చెప్పాల్సిందేం లేదు.

అందుకే సంఘం పెద్దలకు రెండు మనవులు. ఏటా డిసెంబరులోనో జనవరిలోనో మన బడి తొమ్మిదో తరగతి పిల్లలను ఒక రోజు నిజాంసాగర్‌కు, ఇంకో రోజు పోచారానికి తీసుకుపోదాం. బస్సు ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది, దుర్భిణులు ఆస్ట్రేలియా పిల్లలు పంపుతామన్నారు. రెండోది, ఆ రోజు ఏయే పక్షులు కనిపించాయో పిల్లలతోనే ఒక రిజిస్టరులో రాయిద్దాం. సైన్సు సార్లు దాన్ని హాజరు పట్టీలాగా భద్రపరచాలి. ఏది రావడం మానేసిందో తెలియాలంటే, ముందు ఏది వచ్చేదో రాసి ఉండాలి కదా.

మన పేర్లు హాజరు పట్టీలో ఉన్నాయి కాబట్టే, మనం రాని రోజు సార్లు ఏడిరా అని అడిగేవాళ్లు. ఆ పక్షుల గురించీ అట్లా అడిగేవాళ్లు ఉండాలి. వాళ్లు మన బడి పిల్లలే కావాలని నా కోరిక.