కంఠంలో గడ్డ – ఎలుకలు నేర్పిన పాఠం

(సంఘ వార్షిక సమావేశంలో ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుని ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల చర్చ ముగిసిన వెంటనే ఎలుకల గురించి మాట్లాడాలంటే నాకే కొంచెం బెరుకుగా ఉంది. అయినా కాసేపు ఓపిక పట్టండి.

మా అక్కయ్యకు మెడ దగ్గర ముప్ఫయి ఏళ్ళుగా చిన్న గడ్డ ఉండేది. నొప్పి లేదు, బాధ లేదు. డెబ్బయ్యో ఏట అది రెండు నెలల్లో నిమ్మకాయంత అయింది. గొంతు బొంగురుపోయింది. "జలుబు చేసిందిలే, పండగ వెళ్ళాక చూపిద్దాం" అన్నది నేనే. చూపించేసరికి ఆలస్యమైపోయింది. నాలుగు నెలల్లో అక్కయ్య వెళ్ళిపోయింది. జీవితమంతా జంతుశాస్త్రం పాఠాలు చెప్పిన నాకు ఆ గడ్డ ఏమిటో తెలియలేదు. ఆ బాధతోనే దీని గురించి చదవడం మొదలుపెట్టాను.

థైరాయిడ్ కాన్సర్లలో చాలా భాగం నెమ్మదిగా పెరిగేవి, ఆపరేషన్‌తోను, రేడియో అయోడిన్‌తోను లొంగేవి. అనాప్లాస్టిక్ అనే రకం మాత్రం వారాల్లో పెరుగుతుంది. ఇది నూటికి ఒకటి రెండు కేసులే. కాని ఎక్కువగా వచ్చేది అరవై దాటిన వారికి, అంటే మన వయసు వారికి.

ఒకే గ్రంథిలో పుట్టే జబ్బుల్లో ఇంత తేడా ఎందుకు? దీనికి ఒక జవాబు ఎలుకల్లో దొరికింది. బీరాఫ్ అనే జన్యువులో ఒక చిన్న మార్పు వస్తే కణం ఆగకుండా విభజన చెందుతుంది. ఈ ఒక్క మార్పును ఎలుక థైరాయిడ్‌లో కలిగిస్తే నెమ్మది రకం కాన్సర్ వచ్చింది. దానితోపాటు పి-53 అనే కాపలా జన్యువును కూడా తొలగిస్తే అదే జబ్బు అనాప్లాస్టిక్‌గా మారింది. అమెరికా శాస్త్రజ్ఞులు 2014లో ఈ సంగతి ప్రకటించారు. మన డ్రైవరు సోదరులకు వేరే చెప్పనక్కరలేదు. ఆక్సిలరేటరు ఇరుక్కుపోయినా బ్రేకు ఉంటే బండిని అదుపు చేయవచ్చు. బ్రేకు కూడా పోతేనే ప్రమాదం.

ఆ ఎలుకలకే, బీరాఫ్ దారిని రెండు చోట్ల అడ్డుకునే రెండు మందులు కలిపి ఇస్తే, ఒక్క మందుకన్నా బాగా పనిచేశాయి. మనుషుల్లోనూ ఇదే పద్ధతిని పరీక్షించారు. బీరాఫ్ మార్పు ఉన్న 23 మంది అనాప్లాస్టిక్ రోగుల్లో 14 మందికి గడ్డ తగ్గింది. డాబ్రాఫెనిబ్, ట్రామెటినిబ్ అనే ఆ మందుల జంటను ఈ జబ్బుకు వాడేందుకు 2018లో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ అనుమతించింది. ఇది పూర్తిగా నయం చేస్తుందని నేను అనను. ఆ మార్పు రోగులందరిలోనూ ఉండదు కూడా. ఉందో లేదో జన్యుపరీక్షలోనే తెలుస్తుంది. పరీక్షకు వ్యవధి ఉండాలంటే మనం త్వరపడాలి.

మరొక మాట. నేను చెప్పిన మార్పులు సాధారణంగా ఆ గ్రంథి కణాల్లోనే పుడతాయి. పిల్లలకు సంక్రమిస్తాయన్న బెంగ వద్దు. మెడలో కనిపించే గడ్డల్లో ఎక్కువ భాగం కాన్సరూ కాదు. కాని పాత గడ్డ ఉన్నట్టుండి పెరిగినా, గొంతు మారినా, మింగడం కష్టమైనా పండగ వెళ్ళేదాకా ఆగకండి. ఆ వారమే డాక్టరుకు చూపించండి. ముక్క తీసి పరీక్షిస్తే, జన్యుపరీక్ష అవసరమా అని అడగండి.

రేపు పొద్దున గడ్డం గీసుకునేటప్పుడు, బొట్టు పెట్టుకునేటప్పుడు అద్దంలో ఒకసారి మెడ కూడా చూసుకోండి. మా అక్కయ్య విషయంలో నేను చేయనిది మీరు చేస్తే నాకదే తృప్తి.