అవాంఛిత రోమాలు, లేజరు చికిత్స: ముందు జాగ్రత్తలు, తర్వాతి జాగ్రత్తలు, మన హక్కులు

(మహిళా కార్యకర్తల ఆరోగ్య శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుంచి మనం రక్తహీనత గురించి, అవసరం లేకుండా చేస్తున్న గర్భసంచి ఆపరేషన్ల గురించి మాట్లాడుకున్నాం. ఇవాళ్టి అంశం బోర్డు మీద రాయగానే వెనక వరసలో కొందరు నవ్వారు. "గడ్డాలూ మీసాల మీద కూడా క్లాసా అక్కా?" అని ఒకమ్మాయి అడిగింది. ఆ నవ్వు నాకు కొత్తది కాదు. పదహారో ఏటి నుంచి వింటున్నాను. నాకు గడ్డం వస్తుంది. పన్నెండేళ్లపాటు ఇంట్లో అందరికన్నా ముందు లేచి, స్నానాల గది గడియ పెట్టుకుని గీసుకున్నాను. స్త్రీ శరీరం మీద హక్కు ఆమెదేనని సభల్లో మాట్లాడుతూ, వెలుతురు నా చుబుకం మీద పడకుండా తల వంచుకుని నిలబడేదాన్ని. అందుకే ఈ అంశం నేనే అడిగి తీసుకున్నాను.

ఇది చిన్న విషయమనుకునేవాళ్లు ఒక్క సంగతి గుర్తు చేసుకోండి. 2024లో ఉత్తరప్రదేశ్‌లో పదో తరగతి పరీక్షల్లో రాష్ట్రంలోనే మొదటి స్థానం తెచ్చుకున్న అమ్మాయి ఫొటో బయటికి రాగానే, ఆమె మార్కులు వదిలేసి పై పెదవి మీది వెంట్రుకల గురించి వేలమంది ఎగతాళి చేశారు. ఒక రేజర్ల కంపెనీ ఆ గొడవను తన ప్రకటనకు వాడుకుంది. ఎగతాళి చేసేది సమాజం, దాన్ని అమ్ముకునేది వ్యాపారం. మధ్యలో నలిగేది ఆడపిల్ల.

అయితే మన వైపు కూడా ఒక తప్పు జరుగుతోంది. "స్త్రీవాదివై ఉండి ఇదేం పిచ్చి? ఉన్నదున్నట్టు ఉండరాదా?" అని నన్ను సొంత మిత్రులే అడిగారు. ఉండగలిగిన వాళ్లు ఉండాలి. వాళ్లను ఎవరూ వేలెత్తి చూపకుండా మనం నిలబడాలి. కానీ పెళ్లిచూపుల్లో, ఉద్యోగం ఇంటర్వ్యూలో, బస్సులో రోజూ అవమానం పడే అమ్మాయిని ధైర్యం లేనిదానివని నిందించడం మరో రకం పెత్తనం. తీయించుకోవాలో వద్దో ఆమె నిర్ణయం. ఆ నిర్ణయానికి కావలసిన సమాచారం అందించడం మన పని.

మొదట కారణం తెలుసుకోవాలి. ముఖం మీద సన్నటి నూగు ప్రతి స్త్రీకీ ఉంటుంది. అది జబ్బు కాదు. చుబుకం మీద, పై పెదవి మీద, చెంపల పక్కన నల్లగా, ముతకగా, మగవాళ్లకు వచ్చినట్టు వస్తే దాన్ని వైద్యులు హిర్సుటిజం అంటారు. పురుష హార్మోన్లనే ఆండ్రోజెన్లు స్త్రీలందరి ఒంట్లోనూ కొద్దిగా ఉంటాయి. అవి పెరిగినా, వాటికి వెంట్రుకల కుదుళ్లు ఎక్కువగా స్పందించినా ఇలా జరుగుతుంది. కొందరికి వంశంలోనే ఉంటుంది. జబ్బుల్లో ఎక్కువగా కనిపించే కారణం పీసీఓఎస్. నెలసరి సరిగా రాకపోవడం, మొటిమలు, బరువు పెరగడం దానితోపాటు ఉండవచ్చు. బహిష్టులు ఆగిపోయే వయసులోనూ చుబుకం మీద వెంట్రుకలు రావచ్చు. కొన్ని నెలల్లోనే హఠాత్తుగా పెరిగి, గొంతు బొంగురుపోయి, తల ముందు భాగంలో జుట్టు ఊడుతుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. అండాశయంలోనో, మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథుల్లోనో గడ్డ ఉందేమో పరీక్ష చేయించాలి. లోపలి కారణానికి మందు తీసుకోకుండా పైన ఎన్నిసార్లు లేజరు చేయించినా కొత్త వెంట్రుకలు వస్తూనే ఉంటాయి. ఈ మాట చాలా సెంటర్లలో చెప్పరు.

ఇక లేజరు సంగతి. ఒకే తరంగదైర్ఘ్యం ఉన్న కాంతిని చర్మం మీదికి పంపుతారు. వెంట్రుకలోని నల్లరంగు పదార్థం, మెలనిన్, ఆ కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది. ఆ వేడికి కుదురు దెబ్బతింటుంది. ఈ సూత్రాన్ని అండర్సన్, పారిష్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు 1983లో ప్రతిపాదించారు. వెంట్రుకల తొలగింపుకు అమెరికా ఎఫ్‌డిఎ మొదటిసారి 1995లో ఒక లేజరును అనుమతించింది. చిక్కు ఎక్కడుందంటే, మెలనిన్ మన చర్మంలో కూడా ఉంది. తెల్లతోలు వాళ్లకు సరిపోయే యంత్రం మన చామనఛాయ, నలుపు చర్మాలను కాల్చగలదు. 694 నానోమీటర్ల రూబీ లేజరు మనకు పనికిరాదు. నల్లని చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ ఎక్కువ క్షేమం. 800-810 నానోమీటర్ల డయోడ్‌ను కూడా చర్మాన్ని చల్లబరుస్తూ, జాగ్రత్తగా వాడతారు. ఐపీఎల్ అనేది అసలు లేజరే కాదు. అది అనేక తరంగాల కాంతి, నల్లని చర్మానికి ప్రమాదం ఎక్కువ. "మీ దగ్గరున్నది ఏ యంత్రం? నాలాంటి రంగుకు వాడారా?" అని అడగడం మన హక్కు.

"శాశ్వతంగా పోతాయి" అనే ప్రకటనలు నమ్మకండి. జరిగేది తగ్గింపు మాత్రమే. పెరిగే దశలో ఉన్న వెంట్రుకల మీదే లేజరు పనిచేస్తుంది కాబట్టి ముఖానికి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి, ఆరేడెనిమిది సార్లు వెళ్లాలి. హార్మోన్ల సమస్య ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ పట్టవచ్చు. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు వెళ్లవలసి వస్తుంది. నెరిసిన వెంట్రుకల మీద లేజరు పనిచేయదు. సన్నటి నూగు మీద లేజరు వేస్తే అది ముతకగా, నల్లగా మారే ప్రమాదం ఉంది. ముఖం, మెడ మీద, మనలాంటి చర్మం రంగు ఉన్న స్త్రీలలో, ముఖ్యంగా పీసీఓఎస్ ఉన్నవారిలో ఇలా జరగడం వైద్యులు గమనించారు. "పనిలో పనిగా చెంపలు కూడా చేసేస్తాం" అంటే వద్దని చెప్పండి.

నా అనుభవం చెబుతాను. 2016 వేసవిలో నెలరోజులు ఊళ్లలో సర్వేకి తిరిగాను. ముఖం ఎండకు నల్లబడి ఉంది. పదిహేను రోజుల్లో చెల్లెలి పెళ్లి. ఒక సెంటర్‌కి వెళ్లాను. ఎండలో తిరిగావా అని ఎవరూ అడగలేదు. డాక్టరు కనిపించలేదు. ముందుగా చిన్న చోట వేసి చూడలేదు. ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఆ సాయంత్రమే చేసేశారు. ఇంటికి వచ్చేసరికి చుబుకం భగభగ మండింది. తెల్లారేసరికి బొబ్బలు. మందుల షాపులో అడిగితే స్టిరాయిడ్ కలిసిన క్రీము ఇచ్చారు. నెలల తరబడి రాశాను. నల్ల మచ్చలు పోలేదు సరికదా, చర్మం పలచబడి కొత్త వెంట్రుకలు వచ్చాయి. స్టిరాయిడ్ క్రీములు ముఖం మీద వెంట్రుకలు పెంచుతాయని అప్పటికి నాకు తెలియదు. 2018లో ప్రభుత్వం పద్నాలుగు రకాల స్టిరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చింది. అయినా తెల్లబడటానికని ఇవాళ్టికీ వాటిని అడిగి కొనుక్కుంటున్న వాళ్లను మన ఊళ్లలో మీరు చూస్తూనే ఉన్నారు.

కాబట్టి ముందు జాగ్రత్తలు రాసుకోండి. నాలుగు నుంచి ఆరు వారాల ముందు నుంచి త్రెడింగ్, వాక్సింగ్, ప్లక్కరుతో పీకడం ఆపేయాలి. కుదురే లేకపోతే లేజరు దేన్ని కాల్చాలి? గీసుకోవడం, కత్తిరించుకోవడం ఫరవాలేదు. గీస్తే గడ్డం ముతకబడుతుందన్నది అపోహ. బ్లీచింగ్ చేస్తే వెంట్రుక రంగు పోతుంది, అదీ వద్దు. కొన్ని వారాల ముందు నుంచి ఎండ తగలకుండా చూసుకోవాలి, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాయాలి. ఎండలో తిరిగి నల్లబడి ఉంటే వాయిదా వేయాలి. మొటిమలకు రాసే రెటినాయిడ్ క్రీములను వారం ముందు ఆపమంటారు. ఐసోట్రెటినాయిన్ బిళ్లలు, డాక్సీసైక్లిన్ వంటి మందులు వాడుతుంటే తప్పక చెప్పాలి. పెదవుల దగ్గర జ్వరపొక్కులు తరచూ వస్తుంటే, బొల్లి ఉంటే, దెబ్బ తగిలినచోట చర్మం గడ్డకట్టే గుణం ఉంటే చెప్పాలి. గర్భంతో ఉంటే వాయిదా వేస్తారు. ఆ నెలల్లో వచ్చిన కొత్త వెంట్రుకలు కాన్పు తర్వాత చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. అన్నిటికన్నా ముఖ్యం, ముందుగా చిన్న చోట వేసి, కొద్ది రోజులు ఆగి చూడమనాలి. మన చర్మానికి మచ్చ ఆలస్యంగా తేలుతుంది. పెళ్లి, పండగ దగ్గర పెట్టుకుని మొదలుపెట్టకండి.

ఆ రోజు పసుపు, పౌడరు, క్రీము ఏమీ లేకుండా కడుక్కుని వెళ్లాలి. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టకుండా యంత్రం వేయనివ్వొద్దు. కనుబొమల కింద, కనురెప్పల దగ్గర వేయించుకోకూడదు. నొప్పి తెలియకుండా రాసే మత్తు క్రీము కూడా చెప్పినంతే, చెప్పినచోటే రాయాలి. అమెరికాలో లేజరుకు ముందు కాళ్ల నిండా ఇలాంటి క్రీము రాసుకుని, పైన కట్టు చుట్టుకున్న ఇద్దరు యువతులు చనిపోయారు. 2007లో ఎఫ్‌డిఎ దీని మీద హెచ్చరిక చేసింది. రబ్బరుతో టప్పున కొట్టినట్టు అనిపించడం మామూలే. భరించలేని మంట వస్తే "ఆపండి" అనాలి. ఓర్చుకోవడం ఆడవాళ్ల లక్షణమని మనకు నేర్పారు. ఈ ఒక్కచోట ఓర్పు పనికిరాదు. ఆ మంట ప్రమాద సూచన.

వచ్చాక ఏం చేయాలి? కొన్ని గంటలు, ఒకటి రెండు రోజుల వరకు ఎర్రదనం, వెంట్రుకల మొదళ్ల చుట్టూ చిన్న వాపు ఉంటాయి. చల్లటి తడిగుడ్డ వేయండి. ఐసుముక్క నేరుగా పెట్టొద్దు, గుడ్డలో చుట్టండి. రెండు రోజులు వేడినీళ్లు, ఆవిరి, పొయ్యి సెగ తగలకూడదు. ఇంట్లో వంట ఆమెదే అయితే ఆ రెండు రోజులు ఇంకొకరు చేయాలి. ఇదీ చికిత్సలో భాగమేనని ఇంట్లో చెప్పండి. పసుపు, నిమ్మకాయ, సున్నిపిండి, ఫేషియల్ కొద్దిరోజులు వద్దు. ఒకటి నుంచి మూడు వారాల్లో వెంట్రుకలు పెరుగుతున్నట్టు కనిపించి రాలిపోతాయి. పీకకండి, గోకకండి. సన్‌స్క్రీన్ మానకండి. బొబ్బలు, చీము, పెరుగుతున్న నొప్పి ఉంటే బొబ్బ చిదమకుండా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. నల్ల మచ్చ పడితే తగ్గడానికి నెలలు పడుతుంది. ఈ లోపు మందుల షాపు క్రీములు, మళ్లీ లేజరు, రెండూ వద్దు.

నేను చివరికి ప్రభుత్వ ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగానికి వెళ్లాను. అక్కడ డాక్టరమ్మ మొదటి ప్రశ్నగా నెలసరి గురించి అడిగింది. పీసీఓఎస్ అని తేలింది. మందులు మొదలుపెట్టి, మచ్చలు తగ్గాక, ఏడాది తర్వాత సరైన యంత్రంతో చేయించుకున్నాను. ఇప్పుడు బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు.

కానీ నేను చేయని పని ఒకటుంది. ఆ సెంటర్ మీద ఫిర్యాదు చేయలేదు. ఏమని రాయను? గడ్డం తీయించుకోబోయి కాలిందని రాయాలి. ఎంతోమంది ఫిర్యాదులు నా చేత్తో రాశాను, నాది రాసుకోలేకపోయాను. రెండేళ్ల గడువు దాటిపోయింది. ఆ సెంటర్‌లో నా తర్వాత ఎంతమంది కాలారో నాకు తెలియదు. ఆ బాధ మచ్చకన్నా ఎక్కువ కాలం ఉంది.

కాబట్టి చట్టం తెలుసుకోండి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తీర్పు చెప్పింది. బ్యూటీ పార్లరు కూడా సేవే. ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు వివరించి తీసుకున్నదే అసలైన అంగీకారమని 2008లో మరో తీర్పులో స్పష్టం చేసింది. సంతకం పెట్టించుకున్నంత మాత్రాన నిర్లక్ష్యం మాఫీ కాదు. 2002 వైద్య నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో డాక్టరు రికార్డులు ఇవ్వాలి. 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్‌లో, చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. సలహాకు 1915 నంబరు ఉంది. రసీదు, ప్రకటన కాగితం, తేదీతో రోజూ తీసిన ఫొటోలు దాచుకోవాలి.

ఇంకొక మాట. ట్రాన్స్ మహిళలకు ఇది అందం ప్రశ్న కాదు, వీధిలో భద్రత ప్రశ్న. 2019లో వచ్చిన ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల రక్షణ చట్టం 15వ సెక్షన్‌లో, బీమా ద్వారా ఖర్చు భరించాల్సిన చికిత్సల్లో లేజరును పేరుపెట్టి చేర్చారు. వాళ్లు పోరాడి కాగితం మీదికి తెచ్చిన హక్కు అది. ఆసుపత్రుల్లో అమలయ్యేలా అడగడం మనందరి పని. పీసీఓఎస్‌తో బాధపడే పేద అమ్మాయికి కూడా ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ చికిత్స ఎందుకు దొరకకూడదని అడగడం కూడా మన పనే.

మీ మీ సంఘాలకు తిరిగి వెళ్లాక ఆరోగ్య సమావేశంలో ఈ విషయానికి పది నిమిషాలు కేటాయించండి. ఎవరైనా చుబుకం మీద చెయ్యి పెట్టుకుని మాట్లాడుతుంటే ముందు మీరే మాట కలపండి. కాలి వచ్చిన అమ్మాయి మీ దగ్గరికి వస్తే "ఎందుకు వెళ్లావు?" అని అడగకండి. "రసీదు ఉందా?" అని అడగండి. ఆ రోజు నన్ను ఎవరైనా ఆ మాట అడిగి ఉంటే, నేను ఫిర్యాదు రాసి ఉండేదాన్ని.

ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి. నవ్వినవాళ్లు ముందు అడగొచ్చు.